మధ్యలో రెండు గళ్ళు

ఆ వేసవిలో మా చేతికి ఒక్కసారే నాలుగు లక్షలు వచ్చాయి. పధ్నాలుగేళ్ళ కాపురంలో అంత డబ్బు ఒకేసారి చూడటం అదే మొదలు. అది దేనికన్న విషయంలో మా ఆవిడా నేనూ ఒకే మాట మీద ఉన్నామనే అనుకున్నాను. లేమని తెలియడానికి నెల రోజులు పట్టింది.

నేను రావులపాలెం అరటి మార్కెట్లో ఒక కమిషన్ కొట్టులో గుమస్తాని. ఐదున్నరకి మా ఊరు పలివెలలో బండి తీస్తే ఆరింటికల్లా యార్డులో ఉండాలి. గోదావరి లంకల నుంచి సైకిళ్ళ మీదా ఆటోల్లోనూ గెలలు దిగుతుంటాయి. పాట అయ్యేదాకా ఊపిరి సలపదు. భవాని ఇంటి వసారాలో రెండు మిషన్లు వేసుకుని జాకెట్లు కుడుతుంది. నాకు నలభై మూడు, తనకి ముప్ఫై ఎనిమిది. ఇంట్లో మాతో పాటు మా అమ్మ దుర్గమ్మ. ఇంకెవరూ లేరు. ఆ ఇంకెవరి కోసమో కట్టిందే ఆ నాలుగు లక్షల చీటీ.

నాలుగేళ్ళు కట్టాం. ఎన్ని అవసరాలొచ్చినా పాడకుండా ఆఖరిదాకా ఉంచాం, చివర్లో అయితే మొత్తం చేతికొస్తుందని. దేనికని ఇంట్లో ఎవరూ పైకి అనేవాళ్ళం కాదు. కాకినాడలో ఇంకోసారి వైద్యానికి.

పిల్లల కోసం వైద్యం చేసే ఆసుపత్రికి అంతకుముందు ఏడేళ్ళలో నాలుగుసార్లు వెళ్ళాం. మందులు ఐసు డబ్బాలో పెట్టి ఇస్తే బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకునేవాళ్ళం. ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన వాటికో చోటు. రోజూ అదే వేళకి పొట్ట మీద సూది వెయ్యాలి. నేనే నేర్చుకున్నాను. నేను సూది పట్టుకుంటే భవాని ఫ్యాను వైపు చూస్తూ ఆ రోజు ఇవ్వాల్సిన జాకెట్ల గురించి చెప్పేది, "సూర్యావతి గారివి రెండు, ఒకదానికి లైనింగు వెయ్యాలి" అంటూ. నాలుగోసారి రెండేళ్ళ కిందట, తన గొలుసు అమ్మి వెళ్ళాం. అదీ నిలవలేదు.

చీటీ డబ్బు బ్యాంకులో పడిన రోజు సాయంత్రం భవాని మామిడికాయ పప్పు తాలింపు పెడుతోంది. నేను వంటగది గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను.

"రేపు కాకినాడ ఫోన్ చేసి తారీకు తీసుకుంటాను" అన్నాను.

"పెళ్ళిళ్ళ జాకెట్లున్నాయండి. ఈ నెల పోనీండి."

"వయసు ఆగదు కదా, భవానీ."

"ఆయ్, ఆగదండి" అంది.

ఆ ఆయ్ నాకు ఒప్పుకోలుగానే వినబడింది. తాలింపు పప్పులో వేసి మూత పెట్టి, వేరే మాట ఎత్తింది. "కొత్తపేట సెంటర్లో రాఘవులు గారు ఫోటో స్టూడియో తీసేస్తున్నారంటండి. అందరి దగ్గరా ఫోన్లేగా ఇప్పుడు. షాపు ఆయన సొంతమే, అద్దెకిస్తారంట. అడ్వాన్సు లక్షన్నర."

"ఇప్పుడదెందుకు మనకి" అన్నాను.

తను కంచాలు పెట్టింది.

తరవాతి ఆదివారం విజయకుమార్ వచ్చాడు. భవానికి పెద్దమ్మ కొడుకు, నాకు వరసకి బావమరిది. అమలాపురంలో బీమా, పొదుపు పథకాల ఏజెంటు. మంచివాడే, కాకపోతే ఎవరింటికి వెళ్ళినా ఆ ఇంటివాళ్ళ ముసలితనం దాకా మాట్లాడి గానీ లేవడు. చీటీ సంగతి వాళ్ళమ్మ చెప్పినట్టుంది. కాఫీ తాగుతూనే సంచీలోంచి ఒక అట్ట తీసి టీపాయ్ మీద పరిచాడు.

"బావగారూ, డబ్బుకి కూడా వయసుంటదండి. ఏ వయసులో ఏం చెయ్యాలో ఇందులో వేసేం చూడండి."

రంగుల్లో అచ్చు వేసిన పట్టిక. అయిదు గళ్ళు. ఉద్యోగం, పెళ్ళి. ఇల్లు. పిల్లల చదువు. పిల్లల పెళ్ళిళ్ళు. విశ్రాంతి. ఒక్కో గడిలో బొమ్మలు. మూడో గడిలో పుస్తకాల సంచీతో ఒక పాప, నాలుగో గడిలో అదే పాప పెళ్ళి పీటల మీద.

భవాని మిషను ఆపి వచ్చి నిలబడింది. చేతిలో టేపు అలాగే ఉంది. పట్టిక వైపు చాలాసేపు చూసింది.

"అన్నయ్యా, మధ్యలో ఈ రెండు గళ్ళూ లేనివాళ్ళు ఏం చేస్తారు?"

విజయకుమార్ కప్పు కింద పెట్టాడు. "అదేంటి చెల్లెమ్మా, దేవుడున్నాడు, వస్తారుగా."

"రాలేదనుకో. అప్పుడు ఎలా వేస్తావు?"

"అప్పుడంటే..." అతను నా వైపు చూశాడు. "అందరికీ ఇదే చూపిస్తానమ్మా. వేరేది లేదు నా దగ్గర."

"రెండో గడి నుంచి అయిదో గడికి ఒకేసారి వెళ్ళిపోవాలా?" అంది భవాని. గొంతులో ఏ బాధా లేదు. గుడ్డ చాలుతుందా చాలదా అని అడిగినట్టే అడిగింది.

నాకు ఎక్కడలేని కోపమూ వచ్చింది. "విజయకుమార్, ఇంకోసారి మాట్లాడుకుందాం. నాకు యార్డులో పనుంది" అన్నాను. ఆదివారం మధ్యాహ్నం యార్డులో ఏం పనుంటుందో అతనికీ తెలుసు. అట్ట మడిచి లేచాడు. వెళ్తూ, "చెల్లెమ్మ అడిగింది సబబేనండి బావగారూ. నేనే ఎప్పుడూ ఆలోచించలేదు" అన్నాడు.

ఆ సాయంత్రం నేను భవానితో మాట్లాడి ఉండాల్సింది. మాట్లాడితే ఏం వినాల్సి వస్తుందో అన్న భయంతో మాట్లాడలేదు. వారం తిరక్కుండా ఒక పని చేశాను. యార్డులో లోడవుతున్న లారీ వెనక్కి వెళ్ళి, కాకినాడ ఆసుపత్రికి ఫోన్ చేసి, పదిహేనో తారీకుకి పేరు రాయించి, యాభై వేలు అడ్వాన్సు ఫోన్లోంచే కట్టేశాను. డబ్బు వెళ్ళినట్టు మెసేజి వచ్చాక నాకు ధైర్యం వచ్చినట్టే అనిపించింది. ఇంట్లో మాత్రం, "ఊరికే ఒకసారి చూపించుకుని వద్దాం, రెండేళ్ళయింది కదా" అన్నాను. "అమ్మ కూడా మనవణ్ణి చూడాలని చూస్తోంది" అని ఒక మాట కలిపాను. అమ్మ అక్కడే బియ్యం ఏరుతూ ఉంది. తలెత్తి నా వైపు చూసి, మళ్ళీ చేట వైపు దించుకుంది.

భవాని సరేనంది.

ఆసుపత్రిలో అన్నీ తెలిసిన గదులే. మా వంతు రాకముందే ఒక నర్సమ్మాయి కాగితాలు తెచ్చి భవాని ముందు పెట్టి, "ఇక్కడా ఇక్కడా సంతకాలండి, రేపటి నుంచి ఇంజక్షన్లు మొదలు" అంది. అదే కాగితం మీద అంతకుముందు నాలుగుసార్లు చదవకుండా సంతకం పెట్టిన మనిషి, ఈసారి కళ్ళజోడు తీసి పెట్టుకుని మొదటి నుంచి చదివింది. మూడు పేజీలు. ఆఖరి పేజీలో కట్టిన అడ్వాన్సు, తారీకు ఉన్నాయి.

"ఎప్పుడు కట్టేరండి?"

"పది రోజులైంది."

కాగితాల మీద పెన్ను అడ్డంగా పెట్టింది. కళ్ళజోడు తీసి డబ్బాలో సర్దుకుంది. "నేను బయట కూర్చుంటానండి" అని నర్సమ్మాయికి చెప్పి లేచి వెళ్ళిపోయింది. ఆ అమ్మాయి నా మొహం చూసింది. నేను కాగితాలు తిరిగి ఇచ్చేసి వెనకే నడిచాను.

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. నేను మంచినీళ్ళ సీసా ఇస్తే తీసుకుంది. రామచంద్రపురం దాటాక కిటికీలోంచి బయటికి చూస్తూనే మొదలుపెట్టింది.

"నాలుగోసారి పోయిందని ఫోన్ వచ్చినప్పుడు మీరు పెరట్లోకెళ్ళి ఏడ్చేరు. గుర్తుందాండి?"

"ఊఁ."

"నేను ఏడవలేదు. గట్టిదాన్నని అనుకున్నారు మీరు. కాదండి. నాకు హమ్మయ్య అనిపించింది. రేపటి నుంచి సూది లేదు, ఫోను కోసం చూడక్కర్లేదు అనిపించింది. అలా అనిపించినందుకు నన్ను చూసి నాకే భయమేసింది. ఇదేం ఆడదాన్ని నేను అనుకున్నాను. ఎవరికైనా చెప్పుకుంటే ఏమనుకుంటారో అని ఊరుకున్నాను."

కండక్టరు టికెట్లు అడుగుతూ మమ్మల్ని దాటి వెళ్ళాడు. నాకు తోచింది అడిగాను. "మరి చీటీ కట్టుకుంటూ వచ్చేవుగా."

"మొదలెట్టినప్పుడు నాకూ కావాలనే ఉందండి. కట్టగా కట్టగా మధ్యలో ఎక్కడో మారిపోయింది. ఏ నెలలోనో నాకూ తెలీదు."

"పెంచుకుందామా పోనీ?"

"అది వేరే మాటండి. దీనికి బదులని ఒక బిడ్డని తెచ్చుకోకూడదు. ఆ బిడ్డకే అన్యాయం." అప్పుడు నా వైపు తిరిగింది. "నాకు బిడ్డ వద్దని కాదండి. ఇంకోసారి మొదలెట్టడం వద్దు. ఇంతకాలం ఏ పని అనుకున్నా, పిల్లలు పుట్టేక చూద్దాం అనుకున్నాం. ఇల్లు బాగుచేయడం అంతే, షాపు అంతే. మూడేళ్ళ కిందట కూడా ఒక షాపు వచ్చింది, గుర్తులేదు మీకు. ఇప్పుడు నాకు ముప్ఫై ఎనిమిది. కళ్ళు బాగుండి సూదిలో దారం ఎక్కించగలిగేది ఇంకో పదిహేనేళ్ళో ఇరవయ్యేళ్ళో. అది కూడా ఎదురుచూడ్డానికే అయిపోతే ఎలాగండి?"

జొన్నాడ వంతెన మీద బస్సు నెమ్మదించింది. ఎండకి గోదావరిలో ఇసకమేటలు తేలి ఉన్నాయి. "నాకు చెప్పకుండా కట్టేరు" అంది తను, నింపాదిగానే. ఆ పూటకి అదే ఆఖరి మాట.

ఇంటికొచ్చాక అమ్మకి ఎలా చెప్పాలా అన్నది నా దిగులు. భవాని స్నానానికి వెళ్ళినప్పుడు పక్కన కూర్చున్నాను. "అమ్మా, ఇంక కాకినాడ వెళ్ళం" అన్నాను.

"మంచిది" అంది అమ్మ.

"నీకు కష్టంగా ఉంటదని..."

"నాకెందుకురా కష్టం? ఆ పిల్ల రెండేళ్ళ కిందటే చెప్పింది నాకు, తన వల్ల కాదని. నేను అడగడం అప్పుడే మానేసేను. నువ్వే నా పేరు చెప్పుకుని తిరుగుతున్నావు."

అమ్మ నా మోకాలి మీద చెయ్యి వేసింది. "నీకు కావాలని ఉంటే నీకు కావాలని చెప్పుకో. తప్పేం లేదు. మగాడు చెప్పుకోకూడదని ఎక్కడా లేదు" అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నిజమే, కావలసింది నాకు. యార్డులో మా సేటు కొడుకు తండ్రి పక్కన నిలబడి గెలల లెక్క రాసుకుంటుంటే చూసి, సాయంత్రం ఇంటికి బండి మీద వస్తూ దారంతా ఎవరితోనో మాట్లాడుకుంటూ వచ్చిన రోజులున్నాయి. అది ఎవరికీ చెప్పలేదు. భవానికి కూడా చెప్పకుండా, అమ్మ కోరిక అని పేరు పెట్టి తిరిగాను. తనేమో హమ్మయ్య అన్న ముక్క దాచుకుంది. ఒకే ఇంట్లో, ఒకే డబ్బు కూడబెడుతూ, ఇద్దరం చెరో సంగతీ కడుపులో పెట్టుకుని కూర్చున్నాం.

ఆసుపత్రివాళ్ళు అడ్వాన్సు మూడు వారాలకి వెనక్కి వేశారు. అప్పటికి జ్యేష్ఠం వచ్చింది. ఒకరోజు మార్కెట్ నుంచి నేరుగా కొత్తపేట వెళ్ళి రాఘవులు గారి స్టూడియో ముందు బండి ఆపాను. ఆయన గోడల మీది పాత పెళ్ళి ఫోటోలు దింపుతున్నారు.

"షాపు ఎవరికైనా ఇచ్చేసేరాండి?"

"లేదండి రాజేంద్ర గారూ. మీ ఆవిడగారు ఉగాదికి ముందే వచ్చి కొలతలు తీసుకెళ్ళేరు కదండి. తరవాత ఇద్దరు ముగ్గురు అడిగేరు. నెలాఖరు దాకా ఆగమన్నాను." ఫోటో దుమ్ము తుడుస్తూ, "ఆవిడ అన్నీ ఆలోచించుకున్నారండి. మిషన్లు ఎక్కడ పెట్టాలో, కొలతలు తీసుకునే చోట తెర ఎక్కడ కట్టాలో, సుద్దముక్కతో గీసి చూపించేరు" అన్నారు.

నేల మీద ఆ గీతలు ఇంకా లీలగా ఉన్నాయి. చూసి ఇంటికొచ్చాను. ఆ సాయంత్రం భవానితో అన్నాను, "నీకు చెప్పకుండా కట్టడం తప్పు." తను కుడుతున్న చెయ్యి ఆపకుండా, "ఆయ్, తప్పేనండి" అంది. కాసేపటికి, "అన్నం తిన్నారా యార్డులో?" అని అడిగింది. ఆ రెండో మాటతో నాకు కొంచెం ప్రాణం కుదుటపడింది.

విజయకుమార్‌ని నేనే పిలిపించాను. ఈసారి అతను ఆ రంగుల అట్ట తేలేదు. నోటుబుక్కు తెచ్చి తెల్లకాగితం మీద గీతలు గీసి భవాని ముందు పెట్టాడు. "నువ్వే చెప్పు చెల్లెమ్మా, ఏ గడిలో ఏం వెయ్యాలో."

తను చెప్పింది. ముందు షాపు. అడ్వాన్సు పోగా ఒక కొత్త మిషను, ఆరు నెలల అద్దె పక్కన. తరవాత ఇద్దరికీ ఆరోగ్య బీమా, అత్తయ్య గారి వయసుకి ఇస్తే ఆవిడకీ, రాకపోతే ఆవిడ పేరున బ్యాంకులో కొంత. అత్తయ్య గారు జారిపడకుండా బాత్రూములో గచ్చు మార్చడం. మిగిలింది అరవై దాటాక నెలనెలా చేతికొచ్చేలా. విజయకుమార్ గబగబా రాసుకుంటున్నాడు.

"ఇంకో గడి గియ్యి అన్నయ్యా" అంది. "ఇద్దర్లో ఒక్కరే మిగిలేక."

అతని పెన్ను ఆగింది. నేను, "అదిప్పుడెందుకు" అన్నాను.

"ఇప్పుడు కాకపోతే ఎవరు ఆలోచిస్తారండి మనకి? పిల్లలున్నవాళ్ళు ఆ గడి వాళ్ళ మీద వదిలేస్తారు. మనం మనమే నింపుకోవాలి. నేను మిగిలితే ఫర్వాలేదు, ఎలాగో గడుపుకొస్తాను. మీరు మిగిలితేనే కష్టం. పాలు కాచడం రాదు మీకు."

మా అమ్మ వసారాలోంచి నవ్వింది. విజయకుమార్ కూడా నవ్వాడు. నేను లేచి లోపలికి వెళ్ళాను. బీరువాలో నా చొక్కాల కింద ఒక పోస్టాఫీసు పుస్తకం ఉంది. పెళ్ళయిన ఏడు మొదలుపెట్టి, గడువు తీరినప్పుడల్లా మళ్ళీ వేస్తూ, నెలకి వెయ్యి చొప్పున కడుతున్నాను. అట్ట మీద పెన్సిల్‌తో 'చదువు' అని రాసుకున్నాను. అది తెచ్చి విజయకుమార్ ముందు పెట్టాను.

"ఇది ఆ ఆఖరి గడిలో వెయ్యి" అన్నాను.

భవాని పుస్తకం చేతిలోకి తీసుకుంది. అట్ట మీది అక్షరాలు చూసింది. తెరవలేదు. బొటనవేలితో ఒకసారి నిమిరి అన్నయ్యకి ఇచ్చేసింది. విజయకుమార్ తల వంచుకుని అంకె రాసుకున్నాడు.

షాపు ఆషాఢంలో తెరిచాం. ఆషాఢంలో ఎవరైనా తెరుస్తారా అన్నవాళ్ళకి భవాని, "శ్రావణంలో కట్టుకునే జాకెట్లు ఆషాఢంలోనేనండి కుట్టాల్సింది" అని జవాబిచ్చింది. మొదటి జాకెట్టు గుడ్డ సూర్యావతి గారే తెచ్చారు.

తెరవడానికి రెండు రోజుల ముందు బోర్డు రాయడానికి బెంజమిన్ వచ్చాడు. కొత్తపేటలో సగం షాపులకి అతనిదే చేతిరాత. నిచ్చెన వేసుకుని, నీలం రంగు పూసి ఆరబెట్టిన రేకు మీద సుద్దతో గీతలు కొట్టి, "పేరేమనండి?" అని అడిగాడు.

భవాని చెప్పకముందే నేను ఉన్నట్టుండి, "మృదుల అని పెడదామా?" అన్నాను.

"ఎవరండీ?" అని అడిగి, నా మొహం చూసి ఆగిపోయింది.

"ఎవరూ కాదు. ఎప్పట్నుంచో అనుకున్న పేరు."

బయట సన్నగా తుంపర మొదలైంది. రోడ్డు మీద బస్సు ఒకటి ముక్తేశ్వరం అని కేకలేసుకుంటూ వెళ్ళింది. భవాని ఆ పేరు తనలో తను అనుకున్నట్టుగా పెదవులు కదిపింది. తరవాత నా దగ్గరికి వచ్చి, బెంజమిన్‌కి వినబడకుండా మెల్లిగా చెప్పింది.

"బోర్డు మీదకొద్దండి ఆ పేరు. ఎండకీ వానకీ వెలిసిపోద్ది. మనింట్లో ఉండనీండి."

నేను తల ఊపాను. బెంజమిన్ కుంచె రంగులో ముంచుకుని నిచ్చెన మీదే ఎదురుచూస్తున్నాడు. భవాని పైట కొంగు తల మీద కప్పుకుని, తుంపర్లోనే రోడ్డు మీదకి నాలుగడుగులు వెళ్ళి, అక్కణ్ణుంచి రేకు వైపు చూసింది.

"భవాని లేడీస్ టైలర్ అని రాయండి బెంజమిన్ గారూ" అంది. "కొంచెం పెద్దక్షరాలు వెయ్యండి. బస్సులో వెళ్ళేవాళ్ళకి కూడా కనబడాలి."